పేగు కాదు

కడపలో పరిశోధనకు చేరేనాటికి మా నాయనకు పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ జరిగి ఏడాదయింది. ఓర్వకల్లు దగ్గర బండలు కొట్టి మమ్మల్ని సాకిన మనిషి. మలం కోసం పెట్టిన సంచి పొట్టకు తగిలించుకునే, ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చునేవాడు. ఎవరైనా ఓరగా చూస్తే చొక్కా ఎత్తి చూపించేవాడు. ఆ జబ్బు మీదే పీహెచ్‌డీ చేస్తానని నేను పట్టుబట్టింది అందుకే.

ల్యాబులో పెంచిన పెద్దపేగు క్యాన్సర్ కణాలను చిదిమి, ఆ సారంలో ఏ ప్రోటీన్లున్నాయో చూడటం నా పని. ఆ కణాలు ఏళ్లుగా ఒకరి చేతి నుంచి ఒకరికి వస్తున్నవి. రెండేళ్లు వాటితోనే గడిపాను. ఒకరోజు పేగు కణాల్లో తప్పక ఉండాల్సిన ప్రోటీన్ కోసం వెతికితే, అది ఉంటే ఫిల్ము మీద పడాల్సిన గీత పడలేదు. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ ఖాళీయే.

"ఈ కణాలు అసలు ఏవో పరీక్షకు పంపుదాం సార్," అన్నాను.

మా గైడు నవ్వాడు. "నీకన్నా ముందు వీటితోనే డాక్టరేట్లు వచ్చాయి. నీకొక్కదానికే అనుమానమా?"

నేనే పంపాను. అవి గర్భాశయ క్యాన్సర్ కణాలని రిపోర్టు వచ్చింది. ఎప్పుడో ఎవరి చేతిలోనో కలిసిపోయి, వేగంగా పెరిగి అసలువాటిని మింగేశాయి.

సార్ ఆ కాగితం మడిచి నాకే ఇచ్చాడు. "లోపల పెట్టుకో. థీసిస్ రాసెయ్."

హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేశాను. "రెండేండ్ల పని పాయె నాయనా."

"ఏడుస్తాండావా? డాక్టరు నా పేగు ముక్కను పరీక్షకు పంపి, జబ్బేందో తేల్చుకున్యాకనే కదమ్మా కత్తి పట్టింది? తేల్చుకోకుండా నువ్వేంటికి రాయల్ల? మళ్లా మొదుల్నించి చెయ్యి."

మర్నాడు ఫ్రీజర్ తెరిచి, అందరూ చూస్తుండగా నా కణాల డబ్బాలన్నిటి మీదా ఎర్ర స్కెచ్‌పెన్నుతో 'పేగు కాదు' అని రాశాను. కొత్త కణాలు తెప్పించి, ముందు వాటిని పరీక్ష చేయించి, అప్పుడు సారం తీశాను. ఈసారి గీత పడింది. సార్ మాత్రం నాతో నెలల తరబడి మాట్లాడలేదు.

జరిగిన పొరపాటంతా థీసిస్ మొదటి అధ్యాయంలో రాశాను.

"ఇది తీసేస్తే ఇప్పుడే సంతకం పెడతా," అన్నాడు సార్.

"తీయను సార్. మీరు పెట్టేదాకా బయటే కూర్చుంటా."

మూడు రోజులు ఆయన గది ముందు బెంచీ మీద కూర్చున్నాను. నాలుగో రోజు లోపలికి పిలిచి, నా ముఖం చూడకుండా సంతకం పెట్టాడు. అధ్యాయంలో ఒక్క వాక్యం కూడా కొట్టేయలేదు.