కాల్షియం అని చెప్పిన తెల్లమాత్ర

కడుపుతో ఉన్నన్నాళ్లూ నా మాత్రల బాధ్యత అత్తగారిదే. మధ్యాహ్నం భోజనం కాగానే ఒక ఎర్రది, ఒక తెల్లది చేతిలో పెట్టి, "మింగీసినావా?" అని అడిగేది. ఎర్రది ఐరన్. తెల్లది కాల్షియం అని చెప్పాను. అబద్ధం. అది దిగులుకి వాడే మాత్ర.

ఛత్రపూర్‌లో మా అమ్మకు వైద్యం చేసిన డాక్టరే పెళ్లికి ముందు నాకూ ఈ మాత్ర రాశారు. కడుపు నిలిచాక మానేస్తానంటే, "ఉన్నపళంగా మానకు. కాన్పు చేసే డాక్టరుకు మాత్రం తప్పకుండా చెప్పు" అన్నారు. చెప్పలేదు. బరంపురంలో మా బజారు సంగతి మీకు తెలియదు. పప్పుల కొట్లో తుమ్మితే బట్టల కొట్లో చిరంజీవ అంటారు. పిచ్చిమాత్రల కోడలు అనిపించుకోమంటారా?

ఆడపిల్ల పుట్టింది. అందరూ మురిసిపోయారు. నాకు ఏమీ అనిపించలేదు. ఎవరి పిల్లో నా పక్కలో పడుకోబెట్టినట్టుంది.

మర్నాడు పిల్ల చేతులు వణకడం మొదలైంది. పాలు తాగదు, సన్నగా కీచుమంటూ ఒకటే ఏడుపు. "ఓలమ్మా, గుంటకి దిష్టి తగిలీసినాది!" అంటూ అత్తగారు కొంగుముడిలోంచి ఉప్పు తీసి వార్డులోనే తిప్పేసింది. నర్సు ఒడియాలో చీవాట్లు పెట్టింది. పిల్లల డాక్టరు వచ్చి చూసి, ఇన్‌ఫెక్షన్ ఏమో, వెన్నులోంచి నీరు తీసి పరీక్షించాలన్నారు. సూదుల ట్రే వచ్చింది. పిల్ల వెన్ను నా వేలంత కూడా లేదు.

అప్పుడు చెప్పాను డాక్టరుకు తెల్లమాత్ర సంగతి, ఒడియాలో. అత్తగారికి ఒడియా నాకంటే బాగా వచ్చు, అయినా తెలుగులో నోరు పెగల్లేదు.

డాక్టరు ట్రే వెనక్కి పంపారు. "ముందే చెప్పొద్దా? ఆ మాత్ర వాడిన తల్లుల పిల్లల్లో కొందరికి ఇలా ఉంటుంది. చాలామందికి కొన్నాళ్లకు తగ్గిపోతుంది. రక్తపరీక్ష చేసి, కనిపెట్టి చూద్దాం."

"రోజూ నా సేత్తోనే ఇచ్చీదాన్ని గదే" అంది అత్తగారు. తిట్టినా బాగుండేది. "మీయమ్మకీ ఉందేటి?" అంది. ఉందన్నాను. ఆమె డాక్టరు వైపు తిరిగి, "మరి ఈ గుంటకీ ఒస్తాదా?" అని అడిగింది. రావచ్చు, రాకపోనూవచ్చు, ఇప్పుడే ఎవరూ చెప్పలేరన్నారాయన.

నాలుగో రోజుకు వణుకు తగ్గింది. పిల్ల పాలు తాగింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక అత్తగారు ఎప్పటిలాగే వచ్చి నిలబడింది, అరచేతిలో ఎర్రది, తెల్లది. తెల్లదాన్ని రెండు వేళ్లతో ఎత్తిపట్టుకుంది.

"ఇది దేనికి?"

"దిగులుకి, అత్తా."

"అలాగ సెప్పాల. నువ్వే దాస్కుంటే, రేపు ఈ గుంటకొస్తే ఇది ఎవులికి సెప్పుకుంటాది?"

మాత్ర మింగాను. పిల్లని ఎత్తుకున్నాను.