శేషగిరి శనివారాలు

లండన్ పక్క హేస్‌లో ఉండే తెలుగువాళ్లు వీకెండ్‌కి కారు తీస్తున్నారంటే, టైర్లలో గాలి చూసుకుంటారో లేదో గానీ శేషగిరికి మాత్రం ఫోన్ చేస్తారు. స్కాట్లాండ్ పోతున్నాం, దారిలో ఎక్కడ తినాలి అని అడిగితే చాలు, ఆయన అరగంట వదలడు. ఫలానా జంక్షన్ దగ్గర దిగండి, టైర్ల షాపు పక్క సందులోకి తిరగండి, బోర్డు చూసి భయపడకండి, లోపల దోసె బ్రహ్మాండంగా ఉంటుంది, సాంబారు మాత్రం ముట్టుకోకండి అని మొదలుపెడతాడు. వెంబ్లీలో ఏ హోటల్లో ఏ రోజు వంటమనిషికి సెలవో కూడా ఆయనకు తెలుసు. ఇల్ఫర్డ్‌లో ఒక హోటల్లో ఇడ్లీ బాగుండాలంటే పదకొండులోపు వెళ్లాలని చెప్పింది కూడా ఆయనే. మేం పదకొండుంపావుకి వెళ్లి ఒకసారి అనుభవించాం కూడా.

శేషగిరిది ప్రొద్దుటూరు. 2008లో హీత్రో పక్కనే ఒక కార్గో కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగానికి వచ్చాడు. మరుసటేడు నేను జనగామ నుంచి ఎం.ఎస్సీ. చదవడానికి వచ్చి, వాళ్ల ఇంట్లో ఒక మంచం మాత్రమే పట్టే గదిలో అద్దెకు దిగాను. ఆయనా, సులోచన వదినా నన్ను నెల రోజుల్లో అద్దెవాడి లెక్కలోంచి తీసేసి ఇంటివాణ్ని చేసేశారు. తరవాత నేను వేరే ఫ్లాట్‌కి మారినా వాళ్ల కారు వెనక సీట్లో ఎడమ పక్క చోటు మాత్రం నాదే. పక్కన వాళ్ల పాప సిరి. ఈ పిల్ల పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. తెలుగులో అడిగినవాటికి ఇంగ్లీషులో జవాబిస్తుంది, పప్పన్నం మాత్రం తెలుగులోనే అడుగుతుంది.

శేషగిరి ఎంచిన హోటళ్లన్నిటిలోకీ గొప్పది బాపురావు హోటల్. లెస్టర్ ఊరి చివర ఒక ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో, రోలింగ్ షట్టర్ ఉన్న షెడ్డు. ఆరు టేబుళ్లు. బాపురావుది నిజామాబాద్. వారమంతా చుట్టుపక్కల గోడౌన్లలో పనిచేసేవాళ్లకి కోడికూర, గుడ్డుకూర వండుతాడు. మేకమాంసం శుక్రవారం సాయంత్రం వస్తుంది కాబట్టి మటన్ శనివారం ఒక్కరోజే. ఆదివారం ఎస్టేట్ గేటుకి తాళం. ఆ మటన్ కోసం శేషగిరి మమ్మల్ని ఎక్కడెక్కడి నుంచో తిప్పాడు. లేక్ డిస్ట్రిక్ట్ పోతూ ఆగామంటే అర్థముంది. పడమరకు, వేల్స్ పోవాలన్నా ఉత్తరాన ఉన్న లెస్టర్ మీదుగానే తీసుకుపోయేవాడు. "ఇట్ల పోతే ట్రాఫిక్ ఉండదప్పా" అనేవాడు. ట్రాఫిక్ ఉండేది.

ఇందులో నాకు ఎంత ఆలోచించినా అంతుపట్టని సంగతి ఒకటుంది. ఆ మటన్‌ని శేషగిరి ఒక్కసారి కూడా తినలేదు.

శనివారం ఆయన మాంసం తినడు. వెంకటేశ్వరస్వామికి మొక్కు. ఆ హోటల్ దొరికిందే ఒక శనివారం. 2013లో, టాయ్‌లెట్ కోసమని ఆ ఎస్టేట్‌లో ఆగినప్పుడు ఒక లారీ డ్రైవర్ కళ్లు మూసుకుని మూలుగ పీల్చుకోవడం చూసి, "ఇదీ హోటలంటే" అన్నాడు. ఆయన పద్ధతే అంత. తను తినని రోజు తినేవాళ్ల ముఖాలు చూస్తాడు. మధ్యలో మంచినీళ్లు తాగుతున్నారా, ఎముకను ఎంతసేపు పట్టుకున్నారు, చెయ్యి కడిగాక వేళ్లు వాసన చూసుకున్నారా అని గమనించి మార్కులు వేస్తాడు. బాపురావు ఆయన్ని చూడగానే అడక్కుండానే పప్పు, అన్నం, పెరుగు తెచ్చి పెట్టేవాడు. మేం ఎదురుగా కూచుని మటన్ తినేవాళ్లం.

నేను ఊరుకునేవాణ్ని కాదు. ఎముక చేత్తో పట్టుకుని ఆయన ముక్కు దగ్గరికి తీసుకెళ్లేవాణ్ని. "వాసన చూసుడుకు మొక్కు అడ్డం గాదు గదన్నా" అనేవాణ్ని. ఆయన నిజంగానే వాసన చూసి, "ఈ పొద్దు ధనియాలు ఎక్కువ ఏసినాడు" అనేవాడు. అందరం నవ్వేవాళ్లం.

మొక్కు ఎందుకో మేమెవరం అడగలేదు, ఎందుకంటే మాకు తెలుసనుకున్నాం. ఆయన శనివారాలు మాంసం మానేసింది 2012 వేసవిలో. అప్పుడే తన పర్మనెంట్ వీసాకి కాగితాలు పోగుచేసుకుంటున్నాడు. వీసా కోసం మొక్కుకున్నాడని వదిన కూడా అనుకుంది. 2013లో ఆ వీసా వచ్చింది. స్వీట్లు పంచాడు. మరుసటి శనివారం బాపురావు హోటల్లో మళ్లీ పప్పన్నమే తిన్నాడు.

"వీసా వచ్చింది గదన్నా, ఇంకెందుకు?" అని అడిగాను. "ఇంకా అయిపోలేదప్పా" అన్నాడు. మరోసారి అడిగితే, "ఎంతకాలమని మొక్కినానో సరిగ్గా గుర్తులేదు" అన్నాడు. దేవుడికి ఏం చెప్పాడో మర్చిపోయిన భక్తుణ్ని నేను ఆయన్నొక్కణ్నే చూశాను. గుడిలో అర్చకుణ్ని కూడా అడిగాడట. ఏమని మొక్కుకున్నావో అదే చెయ్యి నాయనా అన్నాడట ఆయన. ఏమని మొక్కుకున్నాడో తెలిస్తే ఆయన దగ్గరికి ఎందుకు పోతాడు?

ఇలా ఆరేళ్లు గడిచాయి. 2019 అక్టోబర్‌లో ఆ షెడ్లన్నీ పడగొడుతున్నారని, వచ్చే శనివారమే ఆఖరి రోజని బాపురావు ఫోన్ చేశాడు. యాభై దాటాక ఇంకో చోట పొయ్యి పెట్టే ఓపిక లేదు, వంటే మానేస్తున్నానన్నాడు. అదే వారం గురువారం నాకు మెయిల్ వచ్చింది. పదేళ్లు చట్టప్రకారం ఉన్నందుకు నాకు పర్మనెంట్ వీసా ఇచ్చారు. ముందు శేషగిరికే ఫోన్ చేశాను. మెయిల్ ఏ తేదీన వచ్చిందో రెండుసార్లు అడిగాడు.

"అమర్, శనివారం నేను మటన్ తింటాననుకుంటా" అన్నాడు చివరికి.

"అనుకుంటా అంటే?"

"తినొచ్చో లేదో తెలీడంలే."

నా వీసాకీ ఆయన మటన్‌కీ ఏం సంబంధమో నాకు బోధపడలేదు. సంతోషంలో ఏదో అంటున్నాడనుకున్నాను.

శనివారం పొద్దున పదిన్నరకి బయలుదేరాం. ఎమ్ వన్ హైవే ఎక్కినప్పటి నుంచీ శేషగిరికి ఒకటే గొణుగుడు. "అయ్యేదాకా తినను అన్నానా? అయితే ఇంక తినను అన్నానా? మొదటిదైతే ఈ పొద్దు తినచ్చు. రెండోదైతే జన్మలో తినకూడదు."

"ఏడేండ్ల కిందట మీరు మనసులో అనుకున్న మాట మాకెట్ల తెలుస్తాది?" అంది వదిన. "అనుమానంగా ఉంటే ఇంకో శనివారం తిందురులే."

"ఇంకో శనివారం బాపురావు ఉండడు కదా సులోచనా."

"అప్పుడు ఆదివారం మనింట్లో నేను వండుతా."

"నువ్వు వండేది వేరు" అన్నాడు. ఆ తరవాత పది మైళ్లు వదిన కిటికీలోంచే బయటికి చూసింది.

"డాడ్, జస్ట్ ఈట్ ఇట్" అంది సిరి, ఐప్యాడ్‌లోంచి తల ఎత్తకుండా.

నేను సాయం చేద్దామనుకున్నాను. "అన్నా, నీ వీసా వచ్చి ఆరేండ్లాయె. ఎట్ల మొక్కినా ఆ బాకీ ఎప్పుడో తీరింది. గిప్పుడు ఎందుకు పరేషాన్?"

ఆయన ఇండికేటర్ వేసి, ఆకలి లేకపోయినా, టాయ్‌లెట్ అవసరం లేకపోయినా, దారి పక్కన బండ్లు ఆపుకునే సర్వీసెస్‌లోకి తిప్పాడు. వదినా సిరీ లోపలికి వెళ్లారు. మేమిద్దరం కారు దగ్గర నిలబడ్డాం. చలిగాలి కొడుతోంది.

"నీ మెయిల్ చూపీ" అన్నాడు.

చూపించాను. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ఫోన్‌ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "ఇంక నిన్ను ఎవురూ పొమ్మనరు కదా? దీంట్లో అట్ల రాసినారా?"

"రాసిండ్రు. అయినా నా మెయిల్‌తో నీకేం పనన్నా?"

ఆయన నన్ను వింతగా చూశాడు, అంత సులువైన సంగతి నాకు తెలియనందుకు.

"మొక్కింది నీకోసరమే కదప్పా" అన్నాడు.

నాకు వినపడిందో లేదో అన్నట్టు ఆయనే మళ్లీ విడమరిచి చెప్పాడు. 2012 జూలైలో, ఎం.ఎస్సీ. అయ్యాక ఇంకో కోర్సుకి నేను చేరిన కాలేజీకి విదేశీ విద్యార్థుల్ని చేర్చుకునే లైసెన్సు రద్దయింది. అరవై రోజుల్లో ఇంకో కాలేజీ చూసుకో, లేకపోతే దేశం వదిలిపో అని నాకు ఉత్తరం వచ్చింది. నేను ఆ ఉత్తరం పట్టుకుని రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు, అన్నం తినలేదు. మూడో రోజు శనివారం. వంటింట్లో కోడికూర ఉడుకుతుంటే శేషగిరి ఫ్రిజ్ మీదున్న స్వామి పటం ముందు నిలబడి మొక్కుకున్నాడు. వీడు ఇక్కడ నిలబడేదాకా తినను అన్నాడో, వీడు నిలబడితే ఇంక తినను అన్నాడో, కుక్కర్ విజిల్ వేసింది, వెళ్లి స్టవ్ ఆపాడు, ఆ తరవాత గుర్తులేదు.

"నాకెందుకు చెప్పలేదన్నా?"

"చెప్తే నువ్వు శనివారం నా ముందర తింటావా? చిన్నోనివి. తినే వయసు."

నాకు సిగ్గేసింది. అంతకన్నా మంచి మాట నా దగ్గర లేదు. ఆయన ముక్కు దగ్గర పెట్టిన ఎముకలన్నీ కళ్ల ముందు మెదిలాయి. కోపం కూడా వచ్చింది, ఆయన మీద కాదు, ఎవరి మీదో తెలియదు. అమ్మ మొక్కుకుంటే తెలుసు, నాన్న మొక్కుకుంటే తెలుసు. అద్దెకిచ్చిన కుర్రాడి కోసం ఒక మనిషి ఏడేళ్లు తనకిష్టమైన తిండి మానుకుంటే ఏమనాలో నాకు ఎవరూ నేర్పలేదు. థాంక్స్ అనాలా? కాళ్లకు దండం పెట్టాలా? ఏదీ చెయ్యకుండా, వదినా సిరీ కాఫీలతో వస్తుంటే వెళ్లి కారెక్కాను. శేషగిరి మా జంక్షన్ దాటిపోయి, తరవాతి జంక్షన్ నుంచి వెనక్కి తిప్పుకొచ్చాడు.

మేం చేరేసరికి ఒంటిగంట దాటింది. షెడ్డు బయట జనం ప్లేట్లు పట్టుకుని గోడవారనే నిలబడి తింటున్నారు. బాపురావు చెమటలు కక్కుతూ వచ్చాడు.

"గింత లేటు జేస్తరా సార్? మటన్ మొత్తం ఒడిసింది. అమరేందర్ కోసం ఒక్క ప్లేటు దాచిపెట్టిన. మేడంకు, పాపకు కోడికూర ఉన్నది."

మాకు మూల టేబుల్ దొరికింది. బాపురావు అలవాటు ప్రకారం ప్లేట్లు దించాడు. నా ముందు మటన్, శేషగిరి ముందు పప్పు, అన్నం, గిన్నెలో పెరుగు. శేషగిరి నా ప్లేటు వంక చూశాడు. తరవాత తన ప్లేటు దగ్గరికి జరుపుకుని పప్పు కలపడానికి చెయ్యి పెట్టబోయాడు.

"పోనీలేప్పా. ఎట్లాగూ ఒక్క ప్లేటే ఉంది. ఏమని మొక్కినానో కూడా తెలీదు."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. "అన్నా, నువ్వు మొక్కింది నాకోసం. నేను నిలబడ్డనా లేదా అన్నది నేనే చెప్పాలె. నిలబడ్డ. అయిపోయింది."

"ఏడేళ్లప్పా. తప్పయితే?"

"తప్పయితే నా మీద పడనీ. ఇగ నీ మీద వద్దు."

ప్లేట్లు మార్చాను. వదిన మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. సిరి ఐప్యాడ్ పక్కన పెట్టేసింది. శేషగిరి కాసేపు ఆ ప్లేటునే చూస్తూ కూచున్నాడు. పెదవులు కదిలాయి, ఈసారి ఏం చెప్పుకున్నాడో నేను అడగలేదు. ముద్ద కలిపాడు, నోట్లో పెట్టుకున్నాడు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. రెండో ముద్ద తిన్నాడు, మూడోది తిన్నాడు. మంచినీళ్ల గ్లాసు జోలికి పోలేదు.

నేను పప్పు కలుపుకుని ఒక ముద్ద తిన్నాను. ఉప్పు లేదు. పోపు ఉన్న జాడ లేదు. పప్పు సగం ఉడికీ ఉడకకుండా అడుగున ఉంది, పైన పసుపు నీళ్లు. ఆ హోటల్లో మటన్ కోసం వచ్చేవాళ్ల మధ్య ఒక్క మనిషి కోసం వండే పప్పు అది, దాన్ని బాపురావైనా ఏనాడూ రుచి చూసినట్టు లేదు. ఎదుటివాళ్లు తినే ప్రతి ముద్దా గమనించే మనిషి ఆరేళ్లు దీన్ని తింటూ ఒక్కమాట అనలేదు. ఆయన ఎదురుగా కూచుని ఆయనేం తింటున్నాడో నేనెప్పుడూ చూడలేదు.

"ఎట్లుందప్పా పప్పు?" అన్నాడు శేషగిరి, ప్లేటులోంచి తల ఎత్తకుండా.

"బాగుందన్నా" అన్నాను. బాపురావుని పిలిచి ఇంకో గరిటె వెయ్యమన్నాను.