రోజుకు ఆరు పంపరపనస తొనలు

మొన్న గవర్నర్‌పేటలో మందుల దుకాణం దగ్గర బీపీ మాత్రల కోసం నిలబడితే, నా ముందున్న అమ్మాయికి కిడ్నీ మార్పిడి మందులతోపాటు తెలుగులో అచ్చువేసిన కాగితం ఒకటి ఇచ్చారు. తినకూడనివాటిలో మొదటి పేరు పంపరపనస. నా మాత్రలు తీసుకోకుండానే ఇంటికి వచ్చేశాను.

తొంభై తొమ్మిదిలో మావారికి నా కిడ్నీయే పెట్టారు. ఆస్పత్రివాళ్లు ఇచ్చిన ఇంగ్లీషు జాబితాలో గ్రేప్‌ఫ్రూట్ తినవద్దని ఉంటే, అదేం పండో బెజవాడలో నలుగురిని అడిగి, మన దగ్గర దొరకదని తేల్చుకుని, ఆ మాట మీద గీత కొట్టేశాను. మిగతావన్నీ తు.చ. తప్పకుండా పాటించాను. ఎనిమిదింటి మాత్ర ఎనిమిదింటికే, నీళ్లు గ్లాసు కొలత, ఉప్పు చెంచా కొలత, ఏం తిన్నారో ఏ పూటకాపూట పుస్తకంలో రాయడం.

పామర్రులో ఉండే మా ఆడపడుచు అన్నగారిని చూడటానికి వారం వారం వచ్చేది. వస్తూ తన పెరట్లో కాసిన పంపరపనసలు సంచినిండా తెచ్చేది. "నీ కొలతలతో మనిషిని ఎండగట్టేస్తున్నావు వదినా, నాలుగు తొనలు ఒలిచి పెట్టు, నోరైనా బాగుపడుద్ది" అని దెప్పేది. అన్నం సయించని మనిషి ఆ పుల్లటి తొనలు ఇష్టంగా తింటుంటే నాకూ ప్రాణం లేచివచ్చి, రోజూ పొద్దున మాత్ర వేయించగానే ఆరు తొనలు పెట్టాను.

నెల తిరక్కుండానే ఆయన చేతులు వణకడం మొదలైంది. మందు రక్తంలో మోతాదుకు మించి పేరుకుపోయిందని, కిడ్నీ దెబ్బతింటోందని చెప్పి, డాక్టరుగారు నా పుస్తకం తిరగేసి ఒకచోట వేలు పెట్టారు.

"ఇదీ గ్రేప్‌ఫ్రూట్ జాతేనమ్మా! రోజూ పెట్టారా?"

"మా ఆడపడుచు తెచ్చిందండీ" అన్నాను.

ఆయన అడిగిందేమిటి, నేను చెప్పిందేమిటి!

పండు మానేశాక కిడ్నీ తేరుకుంది, మావారు ఇంకో తొమ్మిదేళ్లు బతికారు. కానీ చుట్టాలు అడిగినప్పుడల్లా నేను అదే సమాధానం చెప్పాను తప్ప, జాబితాలో గీత కొట్టింది నేనేనని ఒక్కరికీ చెప్పలేదు. అన్నకు విషం పెట్టినట్టు మాట పడ్డందుకు ఆడపడుచు మా గడప తొక్కడం మానేసింది. గేటు చప్పుడైతే చాలు, మావారు తల ఎత్తి చూసేవారు. ఆయన పోయిన రోజున ఆవిడ వచ్చి, ఏడ్చి, నా ముఖం చూడకుండానే వెళ్లిపోయింది.

ఇప్పుడు రోడ్డు బాగుపడింది, పొద్దున బయలుదేరితే గంటలో పామర్రులో దిగవచ్చు. తప్పు నాదేనమ్మా అని చెప్పి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. అది వినవలసిన మనిషి నిరుడే కన్నుమూసింది.