వాగు కోసిన చేను

జగ్గయ్యపేట దగ్గర కొండవాలులో పున్నమ్మకు మెట్టచేను ఉండేది. కాపురానికొచ్చిన కొత్తలో చేను పక్కనున్న వాగును ఆమె ఒక్క అంగలో దాటేది. ఏటా వానలకు వాగు లోతుగా, వెడల్పుగా కోసుకుపోయింది. పంతొమ్మిది వందల యాభై ఎనిమిది వేసవిలో ఆమె, భర్త రామబ్రహ్మం బండ్లకొద్దీ రాళ్ళు తోలి, చేనుకు పైన వాగుకు అడ్డంగా కట్ట వేశారు. శ్రావణంలో కొండమీద కుండపోత కురిసింది. కట్ట తెగింది. ఆ రాళ్ళే దొర్లుకుంటూ వచ్చి ఒడ్డును గుద్దాయి. మోకాలెత్తు కందితో సహా సగం చేను కూలిపోయింది.

"మన రాళ్ళతోనే మనల్ని కొట్టిందయ్యా," అంది పున్నమ్మ.

"ఇంకేం చేద్దామే?" అన్నాడతను.

మర్నాడు ఆమె మిగిలిన చేలో కలుపు తీస్తుంటే, వెనక మరో మట్టిపెళ్ళ విరిగి నీళ్ళలో పడింది. పున్నమ్మ లేచి, ఒడ్డునున్న అన్నం గిన్నెను కాస్త ఇవతల పెట్టుకుని, మళ్ళీ వంగింది.