పడక్కుర్చీ బండి

మా ఆయన ఏ సైకిలునూ మామూలుగా ఉండనిచ్చేవాడు కాదు. పెళ్ళయిన కొత్తలో నన్ను ఎక్కించుకోని తిరిగిన సైకిలుకు వెనక క్యారేజీ పీకేసి, పాత బస్సు సీటును సగానికి కోసి వెల్డింగు పెట్టినాడు. దాని మీద నేను కాళ్ళు ఒక పక్కకు వేసి దర్జాగా కూర్చుంటే, బిట్రగుంట రైలు గేటు దగ్గర నిలబడిన జనం రైలును వదిలేసి మమ్మల్ని చూసేవాళ్ళు. నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఇంకోసారి ఒక ఫ్రేము మీద ఇంకో ఫ్రేము నిలబెట్టి అతికించి మేడ సైకిలు చేసినాడు. దాన్ని ఎక్కాలంటే గోడ కావాలి, దిగాలన్నా గోడే కావాలి. ఒక రోజు దిగడానికి గోడ దొరక్క, రైల్వే కాలనీ చుట్టూ తిరిగి తిరిగి, కడాకి మసీదు అరుగు పక్కన దిగినాడు.

ఆయనది వెల్డింగు పని. ఇంటి ముందర రేకుల షెడ్డులో గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసేవాడు. అదే షెడ్డులో ఒక మూల నా కుట్టు మిషను. మాకు పిల్లలు లేరు. ఆయన నిప్పురవ్వలు నా గుడ్డల మీద పడతాయని నేను తిట్టడం, నా దారప్పోగులు ఆయన చెప్పులకు చుట్టుకుంటాయని ఆయన తిట్టడం, అదే మా కాపురం.

ఒక శుక్రవారం నమాజుకు పోతా గేటు దగ్గర పడిపోయినాడు. ఎడమ కాలు పెడల్ మీంచి దానంతట అదే జారిపోయిందంట. మోచెయ్యి కొట్టుకోని వచ్చి, "చెప్పు అరిగిపోయింది, కొత్తవి కొనాల" అన్నాడు. కొత్త చెప్పులు కొన్నాక కూడా పడినాడు. ఆ తర్వాత నడుస్తుంటే కూడా ఆ పాదం నేలకు ఈడ్చుకోవడం మొదలైంది. నెల్లూరు తీసకపోతే డాక్టరు రకరకాల పరీక్షలు చేయించి, నన్ను పక్కకు పిలిచి చెప్పినాడు. "నరాల జబ్బమ్మా. ఒక్కో కండరం పనిచెయ్యడం మానేస్తది. మందు లేదు."

నన్ను పక్కకు పిలిచినాడే గానీ, గది చిన్నది. ఆయనకు అంతా వినబడింది. బస్సులో తిరిగొస్తా కిటికీలోంచి బయటికి చూస్తా కూర్చున్నాడు.

రెండు రోజులు షెడ్డు తెరవలేదు. మూడో రోజు పొద్దున నేను నీళ్ళ బిందెతో వచ్చేసరికి ఇనుము కోస్తున్న శబ్దం. పాత సైకిళ్ళు మూడు ముక్కలు ముక్కలై నేల మీద ఉన్నాయి.

"ఏం చేస్తా ఉండారు?"

"సైకిలు పడిపోతా ఉండాది గదా. పడిపోలేని సైకిలు చేస్తా ఉండా."

ఎవరో తెల్లవాళ్ళు పడుకోని సైకిళ్ళు తొక్కడం ఫోనులో చూసినాడంట. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. మధ్యలో నేలకు మూరెడు ఎత్తులో వాలుగా కూర్చునే సీటు. దానికి పడక్కుర్చీకి అల్లినట్టు ప్లాస్టిక్ వైరు అల్లినాడు. పెడళ్ళు కింద కాదు, ముందుకు పొడుచుకొచ్చిన గొట్టం చివర ఉంటాయి. కాళ్ళు ముందుకు చాపి తొక్కాల. పాదం జారకుండా పెడల్‌కు పట్టీ. అక్కణ్ణించి వెనక చక్రం దాకా చైను అందాలంటే ఒక చైను చాలదు, మూడు కలిపి ఒకటి చేసినాడు. అది చీరకు తగలకుండా నీళ్ళ పైపులోంచి పోనిచ్చినాడు. "నేనేమన్నా ఎక్కతానా దాన్ని? చీర ఎందుకు తగలాల?" అంటే నవ్వినాడు. జబ్బు పేరు విన్నాక ఆయన నవ్వడం అదే మొదలు.

మొదట చేసింది పనికిరాలేదు. మోకాళ్ళు కడ్డీకి కొట్టుకునేవి, తిరిగే చోట చైను ఊడొచ్చేది. మూడు సార్లు కోసి మళ్ళీ అతికించినాడు. నాలుగోసారి రైల్వే కాలనీ రోడ్డు మీదికి తీసకపోయినాము. పెద్ద పెద్ద చెట్లు, పై కప్పులు కూలిన పాత క్వార్టర్సు, వెడల్పు రోడ్డు, బండ్లు తక్కువ. ఆయన వెనక్కి వాలి, కాళ్ళు చాపి, మెల్లగా తొక్కినాడు. బండి పోయింది. ఎడమ కాలిలో సత్తువ లేకపోయినా కుడి కాలు దాన్ని కూడా తిప్పుకుంటా పోయింది. రోడ్డు చివరిదాకా పోయి, తిరిగొచ్చి, నా ముందర ఆపి అన్నాడు:

"ఏమే, ఇన్నేండ్లు నేల చూసి తొక్కినా. ఆకాశం చూసి తొక్కడం ఇదే."

అంత కిందుగా ఉంటే లారీవాళ్ళకు కనబడడని నాకు భయం. ఎర్ర లైనింగు గుడ్డ జెండా కుట్టి, వెదురుబద్దకు కట్టి సీటు వెనక నిలబెట్టినాను. ఊళ్ళో దానికి పడక్కుర్చీ బండి అని పేరొచ్చింది. టీ కొట్టాయన నడుము వంచి గ్లాసు చేతికిచ్చి, "నవాబు మాదిరి పడుకోనే తాగు అన్నా" అనేవాడు. ఆ ఏడాది మేము బతికినట్టే బతికినాము.

తర్వాత కుడి కాలు కూడా పోయింది.

పెడళ్ళను రొమ్ము ఎత్తుకు తెచ్చి చేతులతో తిప్పేటట్టు చెయ్యాలన్నాడు. కొలతలు వేసుకున్నాడు గానీ, వెల్డింగు కడ్డీ పట్టుకుంటే చెయ్యి వణికింది. రెండు సార్లు అతుకు తప్పింది. మాస్కు తీసి నా వైపు చూసినాడు.

"నువ్వు పట్టు."

"నేనా? నాకు సూది తప్ప ఏం తెలుసు?"

"భయపడమాక. రవిక కుట్టేటప్పుడు గుడ్డ ఎట్ట జరుపుతావు? తొందరపడితే కుట్టు పొడుగైతది, ఆగిపోతే ముడి పడతది. అట్టనే చెయ్యి జరుపు."

నా మొదటి అతుకు కోడి రెట్ట మాదిరి వచ్చింది. ఆయన కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వినాడు. సుత్తితో కొట్టించి, ఊడగొట్టించి, మళ్ళీ వేయించినాడు. పది రోజులకు నా అతుకు నిలబడింది. చేతులతో తిప్పే ఆ బండి మీద ఆయన మసీదు దాకా, టీ కొట్టు దాకా ఐదు నెలలు పోయినాడు. ఆ ఐదు నెలల్లో ఒక్కొక్క వేలూ మడత పడిపోయింది.

ఈసారి ఏం చెయ్యాలో నేనే అడిగినాను. అప్పటికి మాట కూడా ముద్దగా వస్తా ఉండేది. ఆయన చెపుతుంటే నేను షెడ్డు నేల మీద సుద్దముక్కతో గీసినాను. నా లేడీస్ సైకిలు ముందు చక్రం తీసెయ్యాల. ఆయన బండి వెనక చక్రం తీసెయ్యాల. రెండిటినీ కలపాల. ముందర రెండు చక్రాల మీద ఆయన పడుకోని ఉంటాడు, వెనక నేను కూర్చోని తొక్కతాను. నేను హ్యాండిలు తిప్పితే ముందు ఆయన ఉన్న భాగమంతా తిరుగుతుంది. కోసింది నేనే, అతికించింది నేనే. ఆయన కుర్చీలో కూర్చోని ఒక్కో అతుకూ చూసి, బాగుంటే కళ్ళు మూసి తెరిచేవాడు. బాగలేకపోతే ఊరికే చూస్తా ఉండేవాడు. ఆ చూపుకు నేను మళ్ళీ ఊడగొట్టేదాన్ని.

బండి తయారైనాక ఆయన అడిగింది ఒక్కటే. సముద్రం.

మా ఊరికి తూర్పున సముద్రం మరీ దూరం కాదు, కానీ అంత దూరం మనిషిని ముందర పెట్టుకోని నేనెప్పుడూ తొక్కలేదు. చలికాలం, తెల్లారినాక బయలుదేరినాము. ఆయన తల పక్కకు వాలకుండా రెండు పక్కలా దిండ్లు కట్టినాను. నాట్లు వేసిన మళ్ళ మధ్య రోడ్డు, తర్వాత రొయ్యల గుంటలు, తర్వాత సరుగుడు తోటలు. ఎదురుగాలికి తొడలు పట్టేసి నేను రెండు చోట్ల దిగి నెట్టినాను. ఇసక మొదలైన చోట చక్రాలు కూరుకుపోయినాయి. వలలు బాగుచేసుకుంటున్న పట్టపోళ్ళు నలుగురు లేచొచ్చి, "ఏం బండక్కా ఇది!" అంటా, ఆయనతో సహా బండిని ఎత్తుకోని తీసకపోయి, అల తడిపిన గట్టి ఇసక మీద దించినారు.

ఆ తడి ఇసక మీద బండి సిమెంటు రోడ్డు మీద పోయినట్టు పోయింది. అలలు వచ్చి చక్రాలను తడిపి పోతా ఉన్నాయి. నేను తొక్కతానే ఉన్నాను. ముందర ఆయన భుజాలు అదిరినాయి. ఆ జబ్బులో నవ్వు, ఏడుపు మనిషి చేతిలో ఉండవు. నవ్వుతా ఉండాడో ఏడుస్తా ఉండాడో వెనక నుంచి నాకు తెలియలేదు. ఆపి ముందుకు పోయి చూసినా కూడా తెలియలేదు. మొగమంతా తడి. కొంత అలల తుంపర, కొంత ఏదో. కొంగుతో తుడిచినాను. "ఇంకా పోదామా?" అన్నాను. కళ్ళు మూసి తెరిచినాడు. ఇంకా పోయినాము.

మర్నాడు నాకు ఒళ్ళంతా నొప్పులు. ఒప్పుకున్న రవికలు మిగిలిపోయి ఉన్నాయి. మధ్యాహ్నం అన్నం మెత్తగా పిసికి, రసం పోసి, తినిపిద్దామని కూర్చున్నాను. ఆయన నోరు తెరవకుండా ఏదో అన్నాడు.

"...ఇను."

"తిననా? ఎందుకు తినరు?"

తల అడ్డంగా ఊపినాడు. మళ్ళీ అదే మాట. "...ఇను." కళ్ళు తలుపు వైపు తిప్పినాడు.

"బయటికా? నిన్ననే గదా పోయొచ్చినాము. నాకు కాళ్ళు లేస్తా లేవు. ముందు రెండు ముద్దలు తినండి."

మళ్ళీ అడ్డంగా. మళ్ళీ అదే మాట, ఇంకా గట్టిగా, గొంతు నరాలు తేలేటట్టు. చొంగ కారి చొక్కా తడిసింది. నాకు యాడలేని కోపమొచ్చింది. ముప్పై ఏండ్ల కాపురంలో ఆయన మీద ఎప్పుడూ అంత గొంతెత్తలేదు. "తినను తినను అంటే నేనేం చెయ్యాల? పొద్దున్నించి ఒక్క నిమిషం కూర్చున్నానా నేను? తినకపోతే పోండి!" అని పళ్ళెం నేల మీద టంగున పెట్టి, మిషను దగ్గరికి పోయి కూర్చున్నాను. వెనక నుంచి ఏడుపు వినబడింది. ఈసారి ఏడుపే, నవ్వు కాదు. నేను మిషను తొక్కతానే ఉన్నాను.

సాయంత్రం పోయి దగ్గర కూర్చొని అన్నం పెట్టినాను. తిన్నాడు. మళ్ళీ ఆ మాట అనలేదు. అసలు ఏ మాటా అనలేదు. నాలుగో రోజు జ్వరం వచ్చింది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు. కావలి ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉంచి, ఇంటికి తీసకపొమ్మన్నారు. తెచ్చిన మర్నాడు, పొద్దున పాలవాడు వచ్చిపోయినాక, నేను మొగం తుడుస్తుండగా పోయినాడు.

మాలో ఆడవాళ్ళు ఖబరస్తానుకు పోరు. ఆయన్ను మొగవాళ్ళు భుజాల మీద ఎత్తుకోని పోతుంటే నేను గడప దగ్గర నిలబడినాను. యాడికి పోయినా నేనే తీసకపోతా ఉన్న మనిషి.

నలభై రోజులు అయినాక షెడ్డు తెరిచినాను. బండి ఆ రోజు సముద్రం నుంచి వచ్చి ఎట్ట నిలబెట్టినానో అట్టనే ఉండింది. చక్రాల సందుల్లో ఇసక. పెడల్ తిప్పబోతే తిరగలేదు. చైను ఎర్రగా తుప్పు పట్టి, లింకులన్నీ ఒకదానికొకటి కరుచుకోని, ఇనప కడ్డీ మాదిరి బిగుసుకోని ఉండింది. ఉప్పు నీళ్ళలో తిరిగినాక మంచినీళ్ళతో కడిగి నూనె వెయ్యాల. ఆయన బతికినన్నాళ్ళూ అందరికీ చెప్పే మాటే అది.

"...ఇను" కాదు. చైను.

తినను అనలేదు. చైను కడగమన్నాడు. అడ్డంగా తల ఊపింది, నేననుకున్నది కాదని చెప్పడానికి. తలుపు వైపు చూసింది, బండి ఆడ ఉండాదని. నేను పళ్ళెం టంగున నేల మీద పెట్టి వచ్చినాను.

ఆ రోజు షెడ్డులో ఎంతసేపు కూర్చున్నానో నాకు తెలియదు. కిరసనాయిలు పోసి, బట్ట పెట్టి ఒక్కో లింకూ రుద్దినాను. కొన్ని కదిలినాయి, కొన్ని కదల్లేదు.

ఆరు నెలల తర్వాత వాకాడు వైపు నుంచి ఒక రైతు తన భార్యను ఆటోలో తీసుకోనొచ్చినాడు. ఆమెకు ట్రాక్టరు తిరగబడి నడుము కింద సత్తువ పోయిందంట. "మీ ఇంట్లో చేతులతో తొక్కే పడక బండి ఉండాదంటనే అక్కా, మాకు ఇస్తారా?" అని అడిగినాడు. వెనక నా సైకిలు విప్పేస్తే మళ్ళీ చేతులతో తిప్పే బండి చెయ్యొచ్చు గదా అని, కాదనలేక ఆమెను సీట్లో కూర్చోబెట్టినాను. ఆమె పట్టలేదు. ఆమె లావేమీ కాదు. మా ఆయన చిక్కిపోయే కొద్దీ జారిపోకుండా వైరు అల్లిక బిగిస్తా వచ్చినాను నేను, నాలుగు సార్లో ఐదు సార్లో. కడాకి అది ఎంత సన్నగా అయిపోయిందో ఆమె కూర్చుంటేనే నాకు తెలిసింది.

"కొంచెం వదులు చెయ్యి మే" అన్నది, ఆ రోజు మా ఇంటికి వచ్చి ఆమె పక్కన నిలబడిన మా ఆడపడుచు. నా చెయ్యి ముడి మీదకు పోలేదు.

"ఇది వద్దులేమ్మా. నీకు వేరేది చేస్తాను" అన్నాను. నా టేపుతో ఆమె చేతుల పొడుగు, భుజాల వెడల్పు కొలుచుకున్నాను. నలభై రోజులు పట్టింది. అతుకులన్నీ నావే.

బండి తీసకపోయిన వారానికి ఆమె ఫోను చేసింది. కాలవ గట్టు మీద పోయి వాళ్ళ మడి చూసొచ్చిందంట, ప్రమాదం జరిగినాక మొదటిసారి. వరి వెన్ను తీసిందంట. చెపుతా చెపుతా ఏడ్చింది. ఇంకేం చెయ్యాల, ఎట్ట చూసుకోవాల బండిని అని అడిగింది.

"తడిస్తే చైను తుడిచి నూనె వెయ్యమ్మా" అన్నాను. ఆమె "అక్కా, అక్కా" అంటా ఉంటే ఫోను మిషను మీద పెట్టేసినాను.