కురిడీ పడిన గాలిబండ

తుప్పు వాసనలన్నీ ఒకటి కావు. వాన వెలిశాక గేటు పట్టుకున్న చేతికి అంటేది వేరు, పాత బావి గిలకది వేరు. పోయిన ఆదివారం అమలాపురంలో మా పెరటి కొట్టుగదిలోంచి ఒక ఇనుప బండని బయటికి దొర్లిస్తే గుప్పుమన్న వాసనకి మాత్రం నాకు నాన్నగారే గుర్తొచ్చారు.

ఆ బండని చూడడానికి ఓడలరేవు నుంచి ఒకాయన వచ్చారు. పడవల పంకాలకి చుట్టుకున్న వలల్ని నీళ్లలోకి దిగి కోసే పని ఆయనది. మా ఇంట్లో పాత డైవింగ్ సిలిండరు ఉందని ఎవరో చెబితే, పనికొస్తే కొనుక్కుందామని వచ్చారట. మెడ దగ్గర చెక్కిన అంకెల్ని గుడ్డతో తుడిచి చదివారు. పానాతో నెమ్మదిగా తట్టి చెవి ఒగ్గారు. "మోత బానే ఉందండీ, ఆయ్. లోపలెలా ఉందో చూడాలండీ," అంటూ వాల్వు విప్పడానికి కూర్చున్నారు. లోపలెలా ఉందో నాకు ముప్పయ్యేళ్లుగా తెలుసు. అయినా ఆయన పక్కనే పీట వేసుకుని కూర్చున్నాను.

నా చిన్నప్పుడు మేముండే ఊరు సముద్రానికి కూతవేటు దూరం. తాతగారిది కొబ్బరికాయల వ్యాపారం. వాకిలి నిండా కాయల గుట్టలు, ఇంటి నిండా పీచు వాసన, అటక మీద ఏడాది పొడుగునా ఆరే కాయలు. లోపలి నీరంతా ఇంకిపోయి, కొబ్బరి తన చిప్పని వదిలేసి గుండులా దొర్లేదాకా ఉంచితే దాన్ని కురిడీ అంటారు. తాతగారు కాయని చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, గుడగుడమంటే పచ్చిదని పక్కన పడేసేవారు, గలగలమంటే కురిడీ పడిందని గోనెలో వేసేవారు. ఆ చెవి చెప్పింది తప్పవడం ఊళ్లో ఎవరూ ఎరగరు. కుండ కొన్నా తట్టి చూసేవారు, గుమ్మడికాయ కొన్నా తట్టి చూసేవారు, పెళ్లిచూపుల్లో నన్ను కూడా తట్టి చూస్తారేమోనని భయపడ్డానని అమ్మ చాటుగా నవ్వేది.

నాన్నగారు గల్ఫులో ఓడల అడుగున పట్టిన నాచు గీకే పనిలో ఉండేవారు. రెండేళ్లకోసారి ఇంటికొచ్చేవారు. ఒకసారి సెలవుకి వస్తూ బొంబాయి పాత సామాన్ల బజారులో ఈ ఉక్కు బండని కొని, రైల్లో తన సీటు కింద పెట్టుకుని, కాకినాడలో దిగి గాలి నింపించుకుని మరీ తెచ్చారు. వీధి వీధంతా చూడడానికి వచ్చింది. పక్కింటి పిన్నిగారు దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "వంటకి ఎన్నాళ్లొస్తుందండీ ఈ గ్యాసు?" అని అడిగేరు.

"గ్యాసు కాదండీ, గాలండీ. నీళ్లలో పీల్చుకోడానికి," అన్నారు నాన్నగారు.

"గాలిని కొనుక్కొచ్చేరా!" అని ఆవిడ బుగ్గలు నొక్కుకున్నారు. ఆ రోజు నుంచి దాని పేరు గాలిబండ.

దాన్ని కొనడంలో నాన్నగారి ఉద్దేశం ఒక్కటే. గల్ఫు ఒప్పందం ఇంకా ఏడాదిన్నర మిగిలింది. అదయ్యాక తిరిగొచ్చేసి, రేవులో పంకాలకి పట్టిన వలలు కోస్తూ, తెగిన లంగర్లు పైకి తీస్తూ ఇంటిపట్టునే ఉండిపోవాలని. ఆ బండ ఉంటే నాన్న ఉంటారు. నా తొమ్మిదేళ్ల బుర్రకి కూడా అంతవరకూ అర్థమైంది. వెళ్లేరోజు నన్ను దాని ముందు నిలబెట్టి, "దీని జోలికెళ్లకమ్మా. కాస్త గాలి ఎప్పుడూ లోపల ఉండాలి. చెమ్మ దూరిందంటే బండ చచ్చినట్టే. దాన్ని నమ్ముకుని దిగినోడూ అంతే," అని చెప్పేరు. నేను బుద్ధిగా తలూపాను.

ఆ మరుసటేటి వేసవి నాకింకా ఒంటికి తెలుస్తుంది. బడి లేదు. పొద్దున్నే తాటిముంజెలు, మధ్యాహ్నం పనసతొనలు, గవ్వలాట, చేతులకి వదలని పనసజిగురు, అది వదలడానికి అమ్మ రుద్దే కొబ్బరినూనె, భోజనాలయ్యాక ఇల్లంతా గుర్రు పెట్టి నిద్రపోతుంటే ఆకు కదలని ఉక్కపోతలో ఒళ్లంతా చెమటకాయలు పేలి నేనొక్కదాన్నే దొర్లుతుండేదాన్ని. ఒకరోజు అలా దొర్లుతూ దొర్లుతూ కొట్టుగదిలో గాలిబండ దగ్గరికి చేరాను. వాల్వుని కొంచెం, ఒక్క కొంచెం తిప్పాను. సన్నగా ఈల వేస్తూ గాలి వచ్చింది. ఎంత చల్లటి గాలి! వాల్వు మీద మంచుచుక్కలు కూడా పట్టాయి. కళ్లు మూసుకుని మొహం దాని ముందు పెట్టుకున్నాను, నాన్నగారు ఊదుతున్నట్టే ఉంది.

తరవాత రోజూ అదే పని. నాన్నగారు దాచుకున్న గాలంతా ఆ వేసవిలో నా మొహం మీదే ఖర్చయిపోయింది. ఒకరోజు ఈల ఆగిపోయింది. ఇంకా మిగిలుందేమోనని వాల్వుని చివరిదాకా తిప్పి, రాక, అలాగే వదిలేసి ఆటకి పరిగెత్తాను. ఆ వెనకే వానలు పట్టుకున్నాయి. మా వైపు వానంటే తెలుసుగా, గోడలు చెమర్చి, ఉప్పు నీరుగారి, అటక మీది కాయలకి బూజు పట్టి, ఆరేసిన బట్ట మూడు రోజులకి గానీ ఆరదు. నాన్నగారు వస్తున్నారని ఉత్తరం వచ్చాక పరిగెత్తుకెళ్లి వాల్వు బిగించి, పైన పట్టిన దుమ్ము గౌనుతో తుడిచేశాను.

నాగులచవితికి రెండు రోజుల ముందు వచ్చారు. ఇంట్లో చలిమిడి, నువ్వుల చిమ్మిలి సువాసనలు. బట్టలైనా మార్చుకోకుండా గాలిబండ దగ్గరికెళ్లి అంకెలు చూసి, తట్టి, వాల్వు తిప్పారు. చప్పుడు లేదు. "వాషరు అరిగి కారిపోయుంటుందిలే. రేపు కాకినాడెళ్లి నింపించుకొస్తాను," అని, వల చుట్టుకున్న పడవాయనతో మాట్లాడడానికి రేవుకి వెళ్లారు. అమ్మ ముఖం ఆ రోజు వెలిగిపోయింది.

నాన్నగారు అటు వెళ్లగానే తాతగారు వచ్చి బండని రెండు చేతులా వాటేసుకుని, చెవి ఆనించి, అటూ ఇటూ వంచారు. లోపల గలగలమంది. నేనూ విన్నాను. నాన్నగారు తిరిగి రాగానే, "నేను చూసేన్రా. కురిడీ పడిపోయింది. చెమ్మన్నది లేదు లోపల, నిక్షేపంలా ఉంది," అని తీర్పు చెప్పేశారు. నాన్నగారు అది తాతగారి మురిపెం అనుకుని నవ్వేసి, బండని గోనెలో చుట్టడం మొదలుపెట్టారు.

చెబితే నాన్నగారు వెళ్లిపోతారు. చెప్పకపోతే దాన్ని వీపున కట్టుకుని నీళ్లలోకి దిగుతారు. చిమ్మిలి ఉండ చేతిలో కరిగిపోతోంది గానీ నోట్లో పెట్టుకోలేకపోయాను. చివరికి కొట్టుగదిలోకి వెళ్లి, ఆయన చొక్కా పట్టుకుని, ఏడుస్తూ మొత్తం చెప్పేశాను.

నాన్నగారు తిట్టలేదు. గోనె విప్పి, వాల్వు ఊడదీసి, తీగకి చిన్న బల్బు కట్టి లోపలికి దించి ఒంటికన్నుతో చాలాసేపు చూశారు. తరవాత బండని పాత పేపరు మీద తలకిందులు చేశారు. కాఫీపొడిలాంటి తుప్పు, పెచ్చులు పెచ్చులుగా రాలింది. తాతగారికి వినబడిన కురిడీ అదే.

"ఇనుము కూడా గాలి తింటుందమ్మా," అన్నారు నెమ్మదిగా. "తుప్పు పట్టిన బండలో గాలి నింపి ఉంచితే మనిషికి కావల్సింది అదే తినేస్తుంది. మీటరు ముల్లు నిండుగానే చూపిస్తుంది. నీళ్ల కింద మనిషి నిద్రపోతాడు." పేపరు మడుస్తూ, "గాలి చల్లగా ఉండేదా?" అని అడిగేరు. ఉండేదన్నట్టు తలూపాను.

బయటికెళ్లి అమ్మతో, తాతగారితో, "పోయినసారి నేనే వాల్వు సరిగ్గా బిగించలేదు. లోపల పాడైపోయింది," అన్నారు. ఇంకో బండ కొనే తాహతు మాకు లేదు. నెల తిరక్కుండా మళ్లీ గల్ఫు వెళ్లారు. పన్నెండేళ్లు అక్కడే పనిచేశారు. నేను పెద్దమనిషినైనప్పుడు లేరు, పది పాసైనప్పుడు లేరు, తాతగారు పోయినప్పుడు కబురందేసరికి అన్నీ అయిపోయాయి. అమ్మ మాత్రం సందు దొరికితే చాలు, "ఒక్క మర బిగించడం మరిచిపోయి సంసారాన్ని సముద్రం పాలు చేసిన మహానుభావులు," అని దెప్పుతూనే ఉండేది. ఆయన వినీ విననట్టు పేపరు తిరగేసేవారు. నేను నోరు విప్పలేదు. పిరికిదాన్ని, ఇంకేం చెప్పను.

నాన్నగారు పోయి మూడేళ్లయింది. ఆ ఊళ్లో ఇల్లు అమ్మేసి గాలిబండతో సహా అమలాపురం వచ్చేశాం, అటకలూ పోయాయి. కాయని చెవి దగ్గర పెట్టుకుని ఆడించేవాళ్లు నాకిప్పుడు కనబడరు. మొన్న ఆదివారం వచ్చినాయన కూడా వాల్వు ఊడదీసి, సెల్‌ఫోను లైటు వేసి చూసి, బండని పేపరు మీద వంచారు. ఎర్రపొడి రాలింది. "పనికిరాదండీ. పాత ఇనుముకే వేసెయ్యాలండీ," అని చేతులు దులుపుకున్నారు.

గుమ్మంలో కూర్చున్న అమ్మ వెంటనే అందుకుంది. "ఎందుకు పనికొస్తుంది బాబూ? ఆయన మతిమరుపు అలాంటిది."

"ఆ వాల్వు విప్పింది నేనమ్మా," అన్నాను.

ఎలా అన్నానో నాకే తెలీదు. వేసవి, ఉక్కపోత, ఈల, కొట్టుగదిలో ఏడుపు, అన్నీ చెప్పాను. వచ్చినాయన తల దించుకుని పానాలు సంచీలో సర్దుకుంటున్నారు. అమ్మ లేచొచ్చి, ఆ ఎర్రపొడిని వేలితో తాకి చూసింది.

"మరైతే అన్నేళ్లూ ఆయన నాచేత తిట్లెందుకు తిన్నారే?" అంది.