పోశాలు దించిన తెర

ఎవరు ఎక్కడ కొట్లాడుకుంటున్నా మధ్యలో దూరనిదే గార్ల పోశాలుకు అన్నం సయించేది కాదు. పొలం గట్టు కోసం అన్నదమ్ములు, నీళ్ల కోసం అత్తాకోడళ్లు, చివరికి బొక్క కోసం రెండు కుక్కలు. కుక్కల తగాదా తీర్చిన గుర్తు ఆయన పిక్క మీద చచ్చేదాకా ఉంది.

"నిన్ను ఎవడన్న పిలిచిండా?" అని భార్య మైసమ్మ తిట్టేది.

"పిలిచేదాక ఆగితే తలకాయలు పలుగుతయే మైసీ!"

సంఘం దళాలు అడవిలో, పోలీసుల క్యాంపు ఊళ్లో ఉన్న రోజులవి. క్యాంపు జవాన్లలో సగంమంది అరవవాళ్లు. వాళ్ల కోసమని డేరా సినిమా కిషన్ ఒక అరవ బొమ్మ తెచ్చాడు. రాకుమారి కోసం ఒక వీరుడూ, ఒక గండుమీసాల సేనాపతీ కత్తులు దూసే కథ. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఊరు ఊరంతా రోజూ అక్కడే. కత్తి లేస్తే ఈలలు, రాకుమారి నడుము తిప్పితే రెండింతల ఈలలు.

మొదటిరోజే, కత్తులు కలవగానే పోశాలు తెర దగ్గరికి ఉరికాడు.

"ఆగుండ్రి నాయినా! కూసోని మాట్లాడుకుందాం!"

కిషన్ నడుము పట్టి వెనక్కి లాగాడు. "అది బట్టనే పోశాలన్నా!"

"బట్టకు గంత రోషం ఎట్లొస్తదిరా?"

రెండోరోజు సేనాపతి తరఫున లేచాడు. "గా మీసాలాయన గోస గూడ ఇనాలె గదా! పిల్ల ముందుగాల ఎవలికి మాటిచ్చింది?"

జవాన్లు పొట్టలు పట్టుకున్నారు. మైసమ్మ ముఖాన కొంగు కప్పుకొని, "ఆయనెవలో నాకు తెల్వది" అని పక్కావిడతో అంది. పక్కావిడ పోశాలు సొంత అక్క.

ఐదోరోజు మాత్రం మైసమ్మ కళ్లు తెర మీద లేవు. సంఘంలో చేరి ఆరునెలలుగా కనిపించని తమ్ముడు లచ్చయ్య, ఆ జనంలో కలిసి అక్కను చూసిపోతానని కబురు పంపాడు. మొగుడికి చెబితే దానికీ పంచాయతి పెడతాడని చెప్పలేదు. కొంగు చాటున జొన్నరొట్టెల మూట తెచ్చి, పాట మొదలుకాగానే తన వెనక వరుసలో ఉన్న తమ్ముడికి అందించింది. అప్పుడే సంఘంవాళ్ల కోసం టార్చిలైట్లతో జవాన్లు దిగారు. ముందు వరుస నుంచి ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ వస్తున్నారు. లచ్చయ్య ఉన్నది నాలుగో వరుసలో.

"ఆగుండ్రి! కొట్టుకుంటే నా మీద ఒట్టే!"

పోశాలు తెరకు వేలాడాడు. గుంజ విరిగింది. తెర నడిమికి చిరిగి జవాన్ల నెత్తిన పడింది. బట్ట చుట్టుకుని లేచిన హెడ్డు కానిస్టేబుల్ బొజ్జ మీద రాకుమారి నడుము తిప్పుతోంది. డేరా అంతా ఈలలు. ఆ గోలలో డేరా అంచు ఒకసారి లేచి దిగింది. లచ్చయ్య లేడు.

"గీ పిచ్చోడు రోజూ గింతే సార్!" అని కిషన్ మొత్తుకున్నాడు. నాలుగు రోజులుగా పోశాలును చూసి నవ్వుతున్నవాళ్లే కనుక, జవాన్లు ఆ మాట నమ్మి తిట్టి వదిలారు.

తెల్లారి తెర కుట్టే పని మైసమ్మ మీద పడింది.

"నిన్న కొట్లాట యాడిది? వాళ్లు పాట పాడుకుంటుండిరి గదా!" అంది సూది గుచ్చుతూ.

పోశాలు దారం అందించాడు. "రొట్టెలు సరిపోను కట్టినవా? నీ తమ్ముడు మా తిండిపోతు."

మైసమ్మ తలెత్తి చూసింది. పెళ్లయినప్పటి నుంచి మొదటిసారి మొగుణ్ణి తిట్టకుండా, కుట్టు మీద ఇంకో కుట్టు వేసింది.

ఆ సాయంత్రం మళ్లీ కత్తులు లేచాయి. తెర నడుమ పెద్ద కుట్టు. ఇటు వీరుడు, అటు సేనాపతి. పోశాలు కదల్లేదు.

"ఏందన్నా, ఆపవా?" అన్నాడు కిషన్.

"నడుమ మా మైసి గట్టు పోసింది గదరా. ఇగ ఎవని దిక్కు వాడు ఎగురనీ!"